పెద్దలు బాకీ పడ్డ సూది

సభలోని మగవాళ్లను ఒక్క మాట అడుగుతాను. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూది మీరు ఆఖరిసారి ఎప్పుడు వేయించుకున్నారు? ఆడవాళ్లను అడగక్కర్లేదు, కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ వెంటపడి మరీ వేసి ఉంటుంది. ఆ సూదుల వల్లా, ఆసుపత్రి కాన్పుల వల్లా బాలింతల, పసిగుడ్డుల ధనుర్వాతం మన దేశంలో నిర్మూలన స్థాయికి వచ్చిందని 2015లో నిర్ధారించారు. పూర్తిగా పోయిందని కాదు, ఏ జిల్లాలోనూ వెయ్యి కాన్పులకు ఒక్క పసికందుకైనా రానంతగా తగ్గిందని.

మగవాళ్ల లెక్కే తేలలేదు. "మేకు దిగినప్పుడు వేయించుకున్నానండీ, ఆరు నెలలు పనిచేస్తుంది కదా" అంటారు. ఈ ఆరు నెలల లెక్క ఎవరు పుట్టించారో గాని, ఊరూరా పాతుకుపోయింది. చిన్నప్పటి సూదులన్నీ పడ్డవాళ్లకు ఒక బూస్టర్ పదేళ్లు కాస్తుంది. మట్టీ పేడా అంటిన గాయమైతే మాత్రం ఐదేళ్లు దాటగానే మళ్లీ వేయాలి. అసలు కోర్సే పూర్తికానివాళ్లకు ఒక్క సూదితో సరిపోదు.

తప్పు మేకుకు పట్టిన తుప్పుది కాదు. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. గాలి ఆడని లోతు గాయం దొరికితే మేల్కొని విషం వదులుతుంది. వారం పది రోజులకు మొదట దవడ బిగుస్తుంది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేరు. అలాంటి రోగిని చీకటి గదిలో ఉంచుతాం. స్టీలు గ్లాసు కిందపడ్డ చప్పుడుకే ఒళ్లంతా కొయ్యబారుతుంది. స్పృహ ఉంటుంది, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఇంత చేసే విషం ఎంత కొంచెమంటే, బతికి బయటపడ్డా రోగనిరోధక శక్తి రాదు. వాళ్లకూ టీకా వేయాల్సిందే. ఇది మనిషి నుంచి అంటదు కాబట్టి, ఊరంతా వేయించుకున్నా మీకు రక్షణ రాదు.

సూదితో ఆపాల్సిన రెండో జబ్బు కంఠసర్పి (డిఫ్తీరియా) అలా కాదు, దగ్గు తుంపర్లతో అంటుతుంది. గొంతులో బూడిదరంగు పొర కడుతుంది, గీకితే రక్తం వస్తుంది. విషం గుండెకెక్కితే గొంతు తేరుకున్నాక కూడా ప్రాణం పోవచ్చు. హైదరాబాదు నల్లకుంటలో మనం కోరంటి అనే ఫీవర్ ఆసుపత్రికి ఈ కేసులు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. చాలామంది తల్లిదండ్రులు 6, 10, 14 వారాల సూదులు వేయించి, ఏడాదిన్నరకూ ఐదేళ్లకూ వేసేవి మరిచిపోతారు. 10, 16 ఏళ్లప్పుడు వేసేవి ఉన్నాయనే తెలియదు. కంఠసర్పినీ ఆపాలనే 2019 నుంచి సర్కారు ఒట్టి టీటీ మానేసి, రెండు జబ్బులనూ ఆపే టీడీ తెచ్చింది.

కాబట్టి ఈసారి గాయానికి వెళ్లినా, ఊరికే వెళ్లినా, టీడీ అని అడగండి. చెయ్యి ఒకటి రెండు రోజులు సలుపుతుంది, కాస్త జ్వరం రావచ్చు. పారాసిటమాల్ చాలు.