గదిలో నడిచే దారి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన నాకు కంప్యూటరు సంగతులెందుకని మీరనుకోవచ్చు. కానీ ఆఫీసు మారినప్పుడల్లా బల్లలు, బీరువాలు సర్దించే పని నా మీదనే పడేది. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, బల్ల మీద వెలుతురు పడాలి, అర్జీదారు నిలబడడానికి చోటుండాలి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, వనపర్తి వంటి కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కూడా ఎవరో ఒక గుమాస్తా ఈ లెక్కలు వేసే ఉంటాడు.

కిందటేడు మా అబ్బాయి హైదరాబాదులో ఫ్లాటు కొన్నాడు. ఒక సంస్థవారు కంప్యూటరులో హాలు సర్ది బొమ్మ చూపించారు. సోఫా, టీపాయి, టీవీ ముచ్చటగా అమరాయి. మా ఇంటావిడ వాకరు పట్టుకొని నడుస్తుంది. బొమ్మలో వేసిన కొలతలు చూశాను. సోఫాకూ టీపాయికీ నడుమ అడుగున్నర. వాకరు వెడల్పు రెండడుగులు.

"బొమ్మ మంచిగనే ఉంది కొడుకా, మీ అమ్మ బాత్‌రూముకు ఎట్ల పోవాలె?" అన్నాను.

"అది యాదికి రాలేదు బాపూ" అన్నాడు.

ఇంజనీరింగు చదివే మా మనవరాలు ఈ సర్దుడు సంగతి విడమరచి చెప్పింది. 2011లో లాప్‌-ఫాయ్ యూ, ఆయన తోటి పరిశోధకులు ఇందుకొక పద్ధతి ప్రకటించారు. ముందు మనుషులు సర్దిన గదులు చూపి, ఏది గోడకెంత దూరం, ఏది దేనికి ఎదురు అన్నది కంప్యూటరుకు నేర్పుతారు. తరువాత అది సామాను అటూ ఇటూ జరిపి చూస్తుంది. దారికి అడ్డమైతే తప్పు, టీవీ కనబడకపోతే తప్పు అని లెక్క కడుతుంది. మొదట్లో తప్పులు కొంత పెరిగినా ఊరుకుంటుంది, పోనుపోను కఠినమవుతుంది. కాల్చిన లోహాన్ని మెల్లగా చల్లార్చడం చూసి పట్టిన ఉపాయమట అది.

2022లో అమెరికాలోని అలెన్ సంస్థవారు ఇట్లాగే 10,000 ఇళ్లను కంప్యూటరులోనే కట్టి, సామాను సర్ది, రోబోలకు ఇంట్లో మసలడం నేర్పే పనికి వాడారు. రోబో నడకకే ఇంత ఏర్పాటుంటే, ఇంటి పెద్దల నడక సంగతి ఆలోచించవద్దా?

దారి ఎంత ఉండాలో మనిషే చెప్పాలి. మేము మూడడుగులని చెప్పాము. మళ్లీ సర్దితే టీపాయి మూలకు పోయింది. ఈనాడు మా ఇంటావిడ రాత్రిపూట ఎవరినీ లేపకుండా తానే పోయి వస్తున్నది.

కనుక మిత్రులారా, పిల్లలు బొమ్మ చూపించినప్పుడు "మీ ఇష్టం" అని ఊరుకోకండి. మీ నడకకు ఎంత చోటు కావాలో కొలిచి చెప్పండి. ఇందులో మొహమాటం వద్దు.