బీరు, మీడ్, మధువు: మాటల చుట్టరికం



ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ వంటివి ఒకే తల్లికి పుట్టిన జర్మానిక్ భాషలు. బార్లీ గింజలను మొలకెత్తించి, పులియబెట్టి చేసే పానీయాన్ని జర్మన్లు, డచ్చివారు, ఇంగ్లీషువారు ‘బీర్’ అంటారు. స్వీడన్ వారు ‘ఓల్’ అంటారు. ఇంగ్లీషులోని ‘ఏల్’ దీని సోదర పదమే.

మరి ‘బీర్’ ఎక్కడిది? లాటిన్‌లో ‘బిబెరె’ అంటే తాగడం. సంస్కృతంలో ‘పిబతి’ అంటే తాగుతున్నాడు. ‘పానీయం’ కూడా ఆ ధాతువు నుండి వచ్చిందే. అయితే బీర్, పానీయం పుట్టుకతో చుట్టాలేనా? తొందరపడకండి!

1822లో యాకోబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు ధ్వనుల మార్పుకు ఒక సూత్రం చెప్పాడు. దాని ప్రకారం మూలభాషలోని ‘ప’కారం జర్మానిక్ భాషలలో ‘ఫ’కారమవుతుంది. సంస్కృత ‘పితృ’ శబ్దానికి ఇంగ్లీషులో ‘ఫాదర్’, ‘పాద’కు ‘ఫుట్’ ఉన్నాయి కదా! ఈ లెక్కన తాగడమనే ధాతువు వారసత్వంగా వచ్చి ఉంటే, ఆ మాట ‘ఫ’తో మొదలు కావాలి. ‘బీర్’ అలా లేదు. కనుక అది ఆ వారసత్వం కాదు.

ఇక రెండు దారులున్నాయి. క్రైస్తవ మఠాలలో వాడిన లాటిన్ మాట ‘బిబెర్’ను, అంటే పానీయాన్ని, జర్మానిక్ ప్రజలు ఎరువు తెచ్చుకున్నారని కొందరంటారు. అప్పటికి గ్రిమ్ చెప్పిన మార్పు ఎన్నడో ముగిసింది కాబట్టి ‘బ’ అలాగే నిలిచింది. బార్లీకి ఉన్న పాత జర్మానిక్ పేరు నుండి పుట్టిందని మరికొందరంటారు. పండితులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.

తేనెను పులియబెట్టి చేసే ‘మీడ్’ సంగతి వేరు. సంస్కృత ‘మధు’, గ్రీకు ‘మెథు’, లిథువేనియన్ ‘మెదుస్’ దీని సోదర పదాలు. సంస్కృత ‘ధ’కారానికి ఇంగ్లీషులో ‘డ’కారం రావడం కూడా సూత్రం ప్రకారమే. ఇది నిజమైన వారసత్వం.

మరి మన ‘మధువు’? అది సంస్కృతం నుండి తెచ్చుకున్న మాట. ‘తేనె’ మన సొంతం. తెచ్చుకున్న మాటలను, సొంత ధాతువులను ఇలా వేరుచేసి చూసే, 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, వేరే కుటుంబానికి చెందినవనీ నిరూపించాడు.

కాబట్టి రెండు భాషలలో ఒకేలా ఉన్న మాటలు కనిపిస్తే మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. ధ్వనులు సూత్రం ప్రకారం సరిపోతున్నాయా? ఆ మాట వారసత్వంగా వచ్చిందా, ఎరువు తెచ్చుకున్నదా? పోలిక ఒక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు.