అనంతపురంలో మంచు మాట
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సక్రమంగా కురవని మన జిల్లాలో మంచు గురించి ప్రసంగమేమిటి, ఈయనకు మతి చలించిందా అని మీరనుకోవచ్చు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మంచు గోడ విరిగిపడి పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో ముస్తాక్ అహ్మద్ మన పక్కనున్న అప్పటి కర్నూలు జిల్లావాడు. ధార్వాడ జిల్లా లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరో రోజున ప్రాణంతో దొరికి, 11న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు.

అక్కడ విరిగింది హిమానీనదపు గోడ. కొండవాలు మీది మంచు జారటం వేరు. నేను భూగర్భజల శాఖలో పనిచేసినవాణ్ణి. ఎర్రమన్ను, గరుసు, రాయి అంటూ పొరలు చూడటంతోనే సర్వీసంతా గడిచింది. మంచు కూడా పొరలే. కురిసిన ప్రతిసారీ ఒక పొర. విపరీతమైన చలికి కింది పొర ఒక్కోసారి పంచదార పలుకుల్లా మారుతుంది, ఒకదానికొకటి అంటుకోదు. దానిమీద కొత్త మంచు బరువు పడి, ఆపైన మనిషి అడుగు పడితే చాలు, పైపొర పలకలా విరిగి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఇది ఎక్కువ. మన మేడమెట్లు సుమారుగా అంత వాలే! చాలా ప్రమాదాల్లో ఆ పలకను కదిలించేది చిక్కుకున్నవారో, వారి తోటివారో. బాగా మంచు కురిసిన మర్నాడు ఎండ కాసిందని బయలుదేరటం మరీ ప్రమాదం.

కూరుకున్నవారిని పది పదిహేను నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. హెలికాప్టరు వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కవాడే తవ్వాలి. అందుకు ప్రతివారి దగ్గరా సంకేతాలిచ్చే చిన్న యంత్రం, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార ఉండాలి.

1969లో మనాలిలో మొదలైన మంచు పరిశోధన సంస్థ 2020లో చండీగఢ్‌లోని డి.జి.ఆర్.ఇ.లో కలిసింది. మంచు చరియల హెచ్చరికలు ఇప్పుడు వీరే ఇస్తున్నారు.

ఇదంతా ఎందుకు చదివానంటే, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మనవడు జనవరిలో హిమాలయాలకు నడకయాత్ర అన్నాడు. కొత్త కోటు, బూట్లు చూపించాడు. “పార ఏదిరా?” అన్నాను. “పార ఎందుకు తాతా, చేనికి పోతున్నామా?” అని నవ్వాడు. హనుమంతప్ప సంగతి చెప్పాక నవ్వలేదు. యాత్ర నిర్వాహకులకు ఫోను చేశాడు. వాళ్ళు కనుక్కుని చెబుతామన్నారట. వాడింకా టికెట్టు కొనలేదు.

సెలవు.