యజ్ఞశాలలో పదునాఱుగురు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పెక్కు దేవతలను కొలిచిన ప్రాచీన జాతులలో అర్చకులకు అంతస్తులు ఏర్పడుట సహజము. రోము నగరమున ఫ్లామెనులు అను అర్చకులు ఉండెడివారు. వారిలో ఒకడు జూపిటరునకు, ఒకడు మార్సునకు, ఒకడు క్విరైనసునకు, ఇట్లు ఒక్కొక్క దేవతకు ఒక్కొక్కడు నియమితుడు. వైదిక యజ్ఞమున ఏర్పాటు వేఱు. అగ్ని, ఇంద్రుడు, వరుణుడు, అశ్వినులు మున్నగు దేవతలు పెక్కురు కలరు గాని, ఇంద్రునకు వేఱు ఋత్విజుడు, వరుణునకు వేఱు ఋత్విజుడు లేరు. అచట విభాగము దేవతలను బట్టి కాక పనిని బట్టి జరిగినది.

పని పెరిగిన కొలది ఋత్విజుల సంఖ్యయు పెరుగును. అగ్నిహోత్రమునకు ఒకడు చాలును. దర్శపూర్ణమాసములకు నలుగురు, చాతుర్మాస్యములకు ఐదుగురు, పశుబంధమునకు ఆరుగురు, సోమయాగమునకు 16 మంది కావలెను. కౌషీతకులు సదస్యుడను పదునేడవ వానిని కూడ చెప్పిరి.

ఈ 16 మందియు నాలుగు వర్గములు. ఋగ్వేదమునకు హోత, అతని వెనుక మైత్రావరుణుడు, అచ్ఛావాకుడు, గ్రావస్తుతు. యజుర్వేదమునకు అధ్వర్యువు, అతని వెనుక ప్రతిప్రస్థాత, నేష్ట, ఉన్నేత. సామవేదమునకు ఉద్గాత, అతని వెనుక ప్రస్తోత, ప్రతిహర్త, సుబ్రహ్మణ్యుడు. నాలుగవ వర్గమునకు బ్రహ్మ. అతని వెనుక బ్రాహ్మణాచ్ఛంసి, ఆగ్నీధ్రుడు, పోత.

హోత మంత్రములు పఠించును. ఉద్గాత గానము చేయును. నేల కొలుచుట, వేది కట్టుట, పాత్రలు సమకూర్చుట, ఆహుతి వేయుట, ఇంతయు అధ్వర్యువుదే. చిన్న పదవులకును నియత కార్యము లున్నవి. ఆగ్నీధ్రుడు కొయ్యకత్తి చేతబట్టి అధ్వర్యువు పిలుపునకు బదులు పలుకును. గ్రావస్తుతు కన్నులకు వస్త్రము చుట్టుకొని, సోమలతను దంచు ఱాళ్ళను స్తుతించును. ఉన్నేత సోమపాత్రలను నింపును.

ఇక బ్రహ్మ. యజ్ఞము జరుగునంతసేపు అతడు దాదాపు మౌనముగా కూర్చుండును. పని చేయని వానికి ప్రథమస్థాన మేల యని సందేహము కలుగును. ఛాందోగ్యోపనిషత్తు దీనికి సమాధానము చెప్పినది. యజ్ఞమునకు వాక్కు, మనస్సు అని రెండు త్రోవలు. తక్కినవారు వాక్కుతో నడిపింతురు. బ్రహ్మ మనస్సుతో కాచుచుండును. అతడు నడుమ నోరు విప్పినచో యజ్ఞము ఒంటి చక్రపు రథమువలె కూలును. ఏ వేదమున తప్పు దొర్లినను దానికి తగిన వ్యాహృతితో, తగిన అగ్నియందు హోమము చేసి సరిదిద్దుట అతని బాధ్యత. కావున అతడు మూడు వేదములు తెలిసినవాడు కావలెను. తప్పు పట్టగలవానికి తప్పు చేయగలవారందఱికంటె ఎక్కువ తెలిసి యుండవలె నని భావము.

దక్షిణ పంపక మందు ఈ అంతస్తులు అంకెలలో కానవచ్చును. పనికి వచ్చిన 16 మందికి ఎట్లు పంచవలెను? సమానముగనా, శ్రమను బట్టియా, పదవిని బట్టియా? ఈ చర్చను జైమిని మీమాంసాసూత్రముల దశమాధ్యాయమున చూడవచ్చును. ద్వాదశాహ యాగమున రెండవ వరుస వారిని అర్ధులనియు, మూడవ వరుస వారిని తృతీయులనియు, నాలుగవ వరుస వారిని పాదులనియు వేదమే పిలిచినది. ఆ పేరులు వ్యర్థములు కారాదు గనుక వానిని బట్టియే భాగములు ఏర్పడవలె నని సిద్ధాంతము. మనుస్మృతి వ్యాఖ్యాత కుల్లూకభట్టు 100 గోవులతో లెక్క చూపెను. ప్రధానులు నలుగురికి 48, రెండవ వరుసకు 24, మూడవ వరుసకు 16, నాలుగవ వరుసకు 12. అనగా తలకు 12, 6, 4, 3. ఒక్కొక్క వర్గమునకు సరిగా 25. ఏ వేదమునకును హెచ్చు లేదు, తగ్గు లేదు. ఎండలో నిలిచి వేది కట్టించిన అధ్వర్యువునకు 12; మౌనముగా కాచిన బ్రహ్మకును 12.

మనువు ఇంకొక ధర్మము చెప్పెను. ఋత్విజుడు నడుమ పని మానినచో చేసినంత పనికి భాగ మీయవలెను. దక్షిణ పుచ్చుకొన్న పిదప మానినవాడు భాగము నుంచుకొని, మిగిలిన పనిని మఱియొకనిచే చేయింపవలెను. కలసి పనిచేయు మనుష్యులందఱికిని ఈ విధమే వర్తించునని స్మృతి ముగించినది. కౌటిల్యుడును భాగస్వామ్య ప్రకరణముననే ఋత్విజుల వాటాలను చర్చించెను. కావున ఈ నాటి ఉమ్మడి వ్యాపారపు లెక్కలకు పూర్వరూపము యజ్ఞశాలలో కలదనుట అతిశయోక్తి కాదు.

అయితే ఒక లోపమును మఱువరాదు. చిన్నపనికి సైతము భాగము కట్టిన ఆ న్యాయము యజ్ఞశాల గడప దాటినవారికే దక్కినది. ఋత్విక్పదవి ఒక్క వర్ణమునకే పరిమితమైనది. వేది కట్టిన ఇటుకలకు మట్టి పిసికినవాడు ఆ పదునాఱుగురిలో లేడు.

తెలుగుదేశమునకు ఈ సంప్రదాయము క్రొత్త కాదు. 13వ శతాబ్దమున తిక్కన యజ్ఞము చేసి సోమయాజి యయ్యెను. సోమయాజులు అను పేరు నేటికిని వినవచ్చును. 1975లో కేరళ యందలి పాంజాళ్ గ్రామమున 12 దినముల అగ్నిచయనము జరుగగా ఫ్రిట్స్ స్టాల్ మున్నగు పండితులు దానిని చలనచిత్రముగా భద్రపఱచిరి. నాడు కొలదిమంది నోట మాత్రమే నిలిచిన విద్య నేడు పుస్తకముగా, చిత్రముగా ఎల్లరకు అందుచున్నది.

గ్రామ గ్రంథాలయము చేయు పనియు నిట్టిదే. ఇందును ధనమిచ్చినవారు, స్థలమిచ్చినవారు, పుస్తకములు సర్దువారు, సాయంకాలము దీపము వెలిగించువారు వేఱు వేఱు వరుసల వారు. ఈ రజతోత్సవ సంచికలో దాతల పేరులతో పాటు దీపము వెలిగించినవాని పేరును ఉండవలెను. ఇచటి గడప ఎవరికిని అడ్డము కాకుండుటయే దీనికి దక్షిణ.