రోగి కాగితములు ఎవరివి?
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపైనుండి పరీక్షాఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు మనవి చేయుచుందుము. ఈ యేడు హాజరుపట్టీలు చూచునపుడు, దీర్ఘకాలము బడికి రాని పిల్లలలో పలువురి యిండ్లయందు పెద్దల జబ్బే కారణమని తేలినది. అందుచేత ఆసుపత్రి కాగితములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా విద్యార్థి తండ్రి యొకరు హోసూరులోని ఒక ఆసుపత్రియందు కొన్నిదినములుండి, పిదప సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరునకు పోవలసివచ్చెను. అచ్చటి వైద్యులు మునుపటి చికిత్స వివరము లడిగిరి. వీరి చేతనున్నది సొమ్ము చెల్లించిన రసీదు మాత్రమే. చేసిన పరీక్షలనే మరల చేయించిరి. అందులకు అప్పు పుట్టించుకొనవలసివచ్చెను. "కాగితము లడుగలేదా?" యని మేము ప్రశ్నింపగా, "అవి వారివి గదా, అయ్యవారూ!" అనిరి.

వారివి మాత్రమే కావు. భారత వైద్యమండలి 2002లో చేసిన వృత్తిప్రవర్తనా నియమముల ప్రకారము, ఆసుపత్రిలో చేర్చుకొన్న రోగి చికిత్సా వివరములను, చికిత్స ఆరంభించిన నాటినుండి 3 సంవత్సరములు వైద్యుడు భద్రపరుపవలెను. రోగిగాని, రోగి అధికార మిచ్చిన మనిషిగాని కోరినచో 72 గంటలలో ఈయవలెను. ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ఈ నియమమునకు లోబడినవాడే. నోటిమాటగా నడిగిన "రేపు రండి" యందురు. కనుక వ్రాసియిచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొనవలెను.

ప్రభుత్వాసుపత్రి విషయమున 2005 నాటి సమాచార హక్కు చట్టము కూడ కలదు. మన చికిత్సా పత్రములనే గాక, ఏ మందులు ఎంత నిలువయున్నవి, ఎందరు వైద్యులుండవలసినచోట ఎందరున్నారు అనునవియు అడుగవచ్చును. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియును లేదు. ఎందుల కడుగుచున్నామో చెప్పనక్కరలేదు. 30 దినములలో ఉత్తరము రావలెను. ప్రాణమునకు సంబంధించినదైనచో 48 గంటలలోనే. రానియెడల ఆ శాఖలోని పై అధికారికిని, అటుపిమ్మట రాష్ట్ర సమాచార కమిషనుకును అప్పీలు కలదు. పొరుగింటివారి రోగమేమో తెలిసికొనుటకు మాత్రము ఈ చట్టము పుట్టలేదు. అట్టి కుతూహలము కొందరికి మెండు!

ఇక మనబోటివారికి అసలు చిక్కు భాష. కష్టనివారణకై ప్రభుత్వాధికారులకు చేసికొను విజ్ఞప్తిని దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను చేసికొనవచ్చునని రాజ్యాంగము 350వ అధికరణము చెప్పుచున్నది. కాని సమాచార హక్కు చట్టము 6వ విభాగము దరఖాస్తు ఆంగ్లమున, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో నుండవలెననుచున్నది. ఇచ్చట అధికార భాష తమిళము. తెలుగు మాత్రమే వ్రాయనేర్చిన అవ్వకు హక్కు ఉండియు, దానిని కోరుటకు మాట లేకపోయెను. ఈ లోపమును సవరింపుమని మన సంఘము ప్రభుత్వమునకు విన్నవించుట యుక్తమని మా అభిప్రాయము.

అంతవరకు చేయదగినది లేకపోలేదు. వ్రాయలేనివారు నోట చెప్పినదానిని వ్రాతలో పెట్టుటకు పౌర సమాచార అధికారియే తోడ్పడవలెనని అదే విభాగము శాసించుచున్నది. ఇక మన పిల్లలో, ఇంట తెలుగు, వీధిని తమిళము, తరగతిలో ఆంగ్లము నేర్చుచునే యున్నారు. తాతగారి దరఖాస్తు పదవ తరగతి మనుమడు వ్రాయుటకంటె మంచి వ్యాసరచన మాకు తోచదు.

వచ్చే నెలనుండి ప్రతి శనివారము బడి విడిచిన పిమ్మట ఒక ఉపాధ్యాయుడును పెద్ద తరగతుల పిల్లలును ఇందుకై కూర్చుందురు. రోగి పేరు, ఆసుపత్రిలో చేరిన తేదీ, చేర్చుకొన్నపుడిచ్చిన సంఖ్య, ఉన్నంతవరకు రసీదులు తీసికొని రండు. 3 సంవత్సరములు నిండవచ్చిన చికిత్సలు గలవారు ముందుగా రావలయును.