నల్లబల్ల పోయి తెర వచ్చింది - ముట్టుకునేదెవరు?

(దళిత ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా! పిల్లల చదువు కోసం ఈ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన అమ్మలారా, అయ్యలారా! జై భీమ్!

తరగతి గదిలో టెక్నాలజీని ఎట్లా వాడుకోవాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము ఇంజనీర్లం కాము. సర్కారు బడిలో సుద్దముక్క పట్టుకుని బతుకుతున్నవాళ్ళం. అందుకే మాట నల్లబల్ల దగ్గర్నుంచే మొదలుపెడతాం. నల్లబల్ల కూడా ఒకప్పుడు కొత్త టెక్నాలజీయే.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు పంతులు బాలుడు భీమ్‌రావ్‌ను లేపి బోర్డు మీద లెక్క చెయ్యమన్నాడు. అంతే! సవర్ణ పిల్లలంతా గోల చేస్తూ బోర్డు మీదికి ఉరికారు. లెక్క చెయ్యటానికి కాదు, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు తీసుకోవటానికి. అంటరానివాడు బోర్డు ముట్టుకుంటే వెనకున్న అన్నం మైలపడుతుందట! అంతకు ముందు సతారా బడిలో ఆ పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూచుని చదివాడు. 1907లో మెట్రిక్ పాసయ్యాడు. ఆ తర్వాతి చరిత్ర మీకు తెలుసు.

బోర్డు అందరిదీ అన్నారు. కానీ బోర్డు దాకా నడిచిపోయే దారి అందరిదీ కాలేదు. అందుకే తరగతి గదిలోకి ఏ కొత్త పరికరం వచ్చినా మనం మొదట అడగవలసింది దాని ధర కాదు, కంపెనీ కాదు. దాన్ని ముట్టుకునేదెవరు?

ఇది పాత ముచ్చట అనుకోకండి. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. చదువు ఫోన్లోకి, టీవీలోకి పోయింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు పెట్టారు. పెట్టటం మంచిదే. కానీ ఎవరికి అందాయి? జూన్ 1న, కేరళలో టీవీ పాఠాలు మొదలైన రోజునే, అక్కడ ఒక దళిత కూలీ బిడ్డ ప్రాణం తీసుకుంది. పదో తరగతి పిల్ల. ఇంట్లో టీవీ చెడిపోయింది, బాగుచేయించటానికి డబ్బుల్లేవు. స్మార్ట్ ఫోను లేదు. ఆ బిడ్డ అడిగింది బంగారం కాదు, పాఠం.

2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా మొదలైనవాళ్ళ ఆధ్వర్యంలో పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని పేదవాడల్లో సుమారు 1,400 మంది పిల్లల్ని కలిశారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్లో చదువుతున్నవాళ్ళు 8 శాతమే. దళిత, ఆదివాసీ పిల్లల్లో అది 4 శాతం. పల్లెల్లోని మిగతా పిల్లల్లో 15 శాతం. పేదల్లోనే ఇంత తేడా! కరెంటు తీగకు కులం లేదంటారు. కానీ ఆ తీగ ఏ వాడ దాకా వస్తుందో, ఏ వాడ బయట ఆగుతుందో చెప్పేది కులమే.

ఇప్పుడు ఫోన్లొచ్చాయి కదా అంటారు. నిజమే, వచ్చాయి. అసర్ 2024 నివేదిక ప్రకారం పల్లెల్లో 14-16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్ ఫోను వాడటం తెలుసు. అట్లా తెలిసినవాళ్ళలో అంతకు ముందు వారం చదువు పనికి వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్ళు 76 శాతం. వాడటం తెలిసిన మగపిల్లల్లో సొంత ఫోను ఉన్నవాళ్ళు 36 శాతం, ఆడపిల్లల్లో 27 శాతమే. యంత్రం ఇంట్లోకి రాగానే చదువు వచ్చినట్టు కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. 2023 నుంచి గోడకు పెద్ద టచ్ తెరలు బిగించారు. మనం వద్దనలేదు, అనం. కాన్వెంటు పిల్లలకున్నది మన పిల్లలకూ ఉండాల్సిందే. అది దయ కాదు, హక్కు.

అయితే మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాం. మా తరగతిలో అటువంటి తెర పెట్టిన కొత్తలో మాకూ సంబరమే. పాఠం చకచకా నడిచేది. "ఎవరొస్తారు రాయటానికి?" అంటే ముందు బెంచీల్లోని నలుగురే లేచేవాళ్ళు. ఇంట్లో పెద్ద ఫోన్లున్న పిల్లలు. ఒకరోజు వెనక బెంచీ పిల్లను, మాదిగవాడ పిల్లను, "నువ్వు రామ్మా" అని పిలిచాం. వచ్చింది. నేరుగా కిటికీ దగ్గరికి పోయి గుడ్డ తీసుకుని తెర తుడవటం మొదలుపెట్టింది!

మాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా మేం ఆ పిల్లను తెర దగ్గరికి పిలిచింది ఆ పనికే. మేమూ ఆ వాడల్లోంచి వచ్చినవాళ్ళమే. అయినా తుడిచే చెయ్యి వేరు, రాసే చెయ్యి వేరు అని మా గదిలోనే విడిపోయింది. మనువు పుస్తకంలోనే ఉండడు మిత్రులారా, మన అలవాట్లో కూడా దాక్కుంటాడు.

ఆ రోజు నుంచి మేం పద్ధతి మార్చుకున్నాం. టీచరు మిత్రులకు ఇదే చెబుతున్నాం.

ఒకటి: తెర మీద రాసే వంతు హాజరు పట్టీ ప్రకారం రావాలి. చెయ్యెత్తినవాళ్ళకు కాదు. తుడిచే వంతూ అంతే, అందరికీ. వారం చివర ఎవరి వంతు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చూసుకోవాలి.

రెండు: వీడియో పెట్టి కుర్చీలో కూచోవటం బోధన కాదు. మూడు నిమిషాలకు ఆపాలి. ఏం చూశారో పిల్లలు వాళ్ళ మాటల్లో చెప్పాలి, ఆనక నోటుబుక్కులో రాయాలి. తెర రాతను మరిపించకూడదు.

మూడు: పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, వాడలో సిగ్నల్ లేదు. అందుకే పాఠాలు ముందే దించి పెట్టుకోవాలి. నలుగురు పిల్లలకు ఒక ట్యాబు అయినా చాలు. కానీ అది చేతులు మారాలి. ఆడపిల్ల చేతికి కూడా రావాలి.

నాలుగు: ట్యాబును బీరువాలో పెట్టి తాళం వేస్తే అది ఎవరిదీ కాదు. చెడిపోతే బాగుచేయించటానికి బడికి డబ్బులివ్వాలని అడగాలి. ఇచ్చిననాడు ఫోటో దిగినవాళ్ళే చెడిపోయిననాడు జవాబు చెప్పాలి.

అయిదు: మన పిల్లలు చూసేవాళ్ళుగానే మిగలకూడదు, చేసేవాళ్ళు కావాలి. సైన్సు పాఠంలో ఆమ్లాలు, క్షారాలు వచ్చాయి. మా పిల్లలు ట్యాబు పట్టుకుని వాడకు పోయి, సున్నంతో తోలు వెంట్రుకలు ఎట్లా ఊడదీస్తారో, తంగేడు చెక్కతో తోలు ఎట్లా ఊనుతారో ముసలాయన్ని అడిగి రికార్డు చేశారు. మర్నాడు తరగతిలో పెద్ద తెర మీద ఆయన మాట్లాడాడు. రికార్డు చేసినవాళ్ళలో ఆ తెర తుడిచిన పిల్ల కూడా ఉంది. "మా తాత" అంది, తలెత్తి.

అమ్మలారా, అయ్యలారా! మీకూ ఒక పని ఉంది. "బడిలో తెర ఉందా" అని అడగకండి. "ఈ వారం నా బిడ్డ దాని మీద ఏం రాసింది?" అని అడగండి. మేం జవాబు చెప్పలేకపోతే తలుపు దగ్గరే నిలబెట్టండి.

1848లో పూనాలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెట్టారు. 1910లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లలకు బడి పెట్టాడు. వాళ్ళ దగ్గర యంత్రాల్లేవు, పలకే ఉంది. ఆ పలకను, ఎవరికి ఇవ్వకూడదని ఊరు తీర్పు చెప్పిందో వాళ్ళ చేతికే ఇచ్చారు. ఇవాళ మన చేతికి అంతకంటే పెద్ద పలక వచ్చింది. దాన్ని మన బిడ్డల చేతిలో పెట్టాల్సింది మనమే.

జై భీమ్!