బడి కంప్యూటర్లకు బడి పిల్లలే అండ
(సమాఖ్య వార్షికోత్సవ సభలో మాట్లాడిన మాటలు)



మేము చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాత గుంటమగ్గంలో కాళ్లు పెట్టినాం. ఆనక సొసైటీ లెక్కలు చేతికొచ్చినాయి. పెద్ద ఉపన్యాసం మావల్ల కాదు. జరిగింది చెప్పి, ఒక కోరిక కోరి కూర్చుంటాం.

ఈసారి మన సంచిక కాగితం మీద కాకుండా ఫోనులో వస్తుందన్నారు. సంతోషం. మీ ఇంట్లో దాన్ని తెరిచి చూపించేది ఎవరు? బడికి పోయే మనవడో, మనవరాలో కదా! ఇంట్లో ఇంత పని చేసిపెట్టే బిడ్డకు బడిలో మాత్రం ‘కంప్యూటర్ ముట్టుకోవద్దు, చెడిపోతుంది’ అనే మాటే వినబడుతుంది. అందరూ అలా అంటారని కాదు. కానీ ఆ భయం మన పెద్దవాళ్లందరిలోనూ ఉంది. మాలోనూ ఉండేది.

మా సొసైటీకి కంప్యూటర్ వచ్చినప్పుడు దానికి గుడ్డ కప్పి, పసుపు కుంకుమ పెట్టి, బీరువా పక్కన కూర్చోబెట్టినాం. పనంతా బయట ఒక సెంటర్లో చేయించేవాళ్లం. పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే. ఒక నెల ఆయన ఊర్లో లేడు, ఫోను ఎత్తలేదు. బిల్లు పంపాల్సిన గడువు దాటిపోయింది. నేతగాళ్లకు కూలి నెల ఆలస్యమైంది. ఆ నెల కొందరు బియ్యానికి అప్పు చేసినారు. తప్పు ఆయనది కాదు, మాది. మన పెట్టె తాళంచెవి ఇంకొకరికి ఇచ్చి, మనం గుడ్డ కప్పుకుని కూర్చున్నాం.

అప్పుడు మా నేతగాని కూతురు, తొమ్మిదో తరగతి బిడ్డ, సాయంత్రం వచ్చింది. వాళ్ల నాయన ‘ముట్టుకోవద్దమ్మా’ అంటానే ఉన్నాడు. మేము కుర్చీ చూపించినాం. ఆ బిడ్డ కూర్చోలేదు. ‘తాతా, మీరే కూర్చోండి. నేను చెప్తాను, మీరు నొక్కండి’ అనింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. మేము తప్పు నొక్కితే నవ్వింది కానీ మౌసు లాక్కోలేదు. పది సాయంత్రాల్లో మా బిల్లు మేమే పంపినాం.

మగ్గం దగ్గర మనకు పని వచ్చింది ఇట్లాగే గదా! పోగు తెగితే అతకడం నాయన నేర్పినాడు. ప్రతి పోగూ ఆయనే అతికి ఉంటే మనం ఈనాటికీ కండెలు చుడతా ఉండేవాళ్లం.

ఇంకొక మాట. కంప్యూటర్ మన కులవృత్తికి పరాయిది కాదు. జకార్డు మగ్గం నేసినవాళ్లకు తెలుసు, అట్టలో చిల్లి ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఫ్రాన్సులో జకార్డు ఆ మగ్గాన్ని తెచ్చింది 1804 ప్రాంతంలో. ఇంగ్లాండులో బాబేజి అనే ఆయన ఆ అట్టలను చూసే తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడు. నేతగాని బిడ్డ కంప్యూటర్ని చూసి భయపడాల్సిన పని లేదు.

పక్కనున్న కేరళలో ఈ పని బడుల్లోనే పెట్టినారు. 2018 జనవరిలో ‘లిటిల్ కైట్స్’ అని పిల్లల సంఘాలు మొదలుపెట్టినారు. రెండు వేలకు పైగా సర్కారు, ఎయిడెడ్ హైస్కూళ్లలో అవి నడుస్తున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు చిన్న పరీక్ష పెట్టి తీసుకుంటారు. వెంట ఉండి నడిపించేందుకు అయ్యవార్లు ఉంటారు. క్లాసులో ప్రొజెక్టర్ పనిచేయకపోతే మొదట చూసేది ఆ పిల్లలే. మలయాళంలో టైపు చేయడం, బొమ్మల సినిమా తీయడం నేర్చుకుంటారు. ఆన్‌లైన్ మోసాల నుంచి ఎట్లా కాపాడుకోవాలో తల్లులకు కూడా ఆ పిల్లలే పాఠం చెప్పినారు.

మన దగ్గర ఏముంది అంటారా? 2011 నుంచి మన తమిళనాడు సర్కారు ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకు ఉచితంగా లాప్‌టాప్‌లు ఇచ్చింది. మన ఇండ్లల్లో ఎన్ని అటకెక్కి ఉన్నాయో చూడండి. బ్యాటరీ పోయిందని, తెర వెలగలేదని పడేసినవి. నేర్చుకునే చేతులకు అవే పాత మగ్గాలు. చెడిపోయినదాన్ని విప్పితే పోయేదేమీ లేదు.

మన హోసూరు బిడ్డలకు ఇంకొక కలిమి ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో తమిళం. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డులో తెలుగు ‘క’ ఏ మీట మీద ఉందో, కన్నడ ‘క’, తమిళ ‘క’ కూడా ఆ మీట మీదే ఉంటాయి. ఒక భాషలో చేయి తిరిగితే మిగతా రెండూ సగం వచ్చినట్టే. సొసైటీ అర్జీ తమిళంలో, పెండ్లిపత్రిక తెలుగులో, బెంగళూరు వ్యాపారికి ఉత్తరం కన్నడంలో ఒక బిడ్డే కొట్టివ్వగలదు.

ఎట్లా మొదలుపెట్టాలి? ముందు ఒక్క బడి. హెడ్మాస్టరుగారి అనుమతి, బాధ్యత తీసుకునే ఒక అయ్యవారు, ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి పదిమంది పిల్లలు. మొదటి ర్యాంకువాళ్లే కావాలని లేదు. ఓపిక ఉన్నవాళ్లు కావాలి. సగం మంది ఆడబిడ్డలు ఉండాలి. మన స్టాకు పుస్తకం మాదిరి ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ తేదీన ఏది చెడింది, ఎవరు చూసినారు, ఏం చేస్తే బాగైంది, అన్నీ రాయాలి. తొమ్మిదోవాళ్లు పదికి పోయేముందు ఎనిమిదోవాళ్లకు నేర్పి పోవాలి. లేకుంటే ఆ బిడ్డలతోపాటే పని కూడా బడి దాటిపోతుంది.

కట్టుబాట్లు కూడా ఉండాలి. కరెంటు ఉన్న పెట్టెను పిల్లలు విప్పకూడదు. ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ అడగకూడదు, చెప్పినా వినకూడదు. వారానికి రెండు గంటలు, పరీక్షలప్పుడు సెలవు. పిల్లలను జీతంలేని మెకానిక్కులుగా చేసుకోవద్దు. మేము ఆ తప్పు చేయబోయినాం కాబట్టి చెప్తున్నాం. పని వచ్చాక ఆ బిడ్డను రోజూ పిలవాలనిపించింది. వాళ్లమ్మ వచ్చి ‘లెక్కల్లో మార్కులు తగ్గినాయి’ అనింది. ఆరోజే నిలిపేసినాం.

మా కోరిక ఇది. అటక మీది లాప్‌టాప్ దించి బడికి ఇవ్వండి. ప్రతి సొసైటీ నెలకు ఒక ఆదివారం తలుపు తెరిచి, రెండు బెంచీలు వేసి, పిల్లలను పక్కన నిలబెట్టి, మన ముసలివాళ్ల చేత ఫోను నొక్కించండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న సంగతి ప్రతి ఇంట్లో ఒకరికైనా కంఠతా వచ్చేదాకా చేద్దాం.

మా సొసైటీ వచ్చే నెల మొదటి ఆదివారమే మొదలుపెడుతుంది. కంప్యూటర్ మీది గుడ్డ ఎప్పుడో తీసేసినాం. దాన్ని ఇప్పుడు నేల తుడవను వాడుకుంటున్నాం.